ఫ్లెక్సీ మీద లేని చెవులు

బస్ స్టాండు ముందు ఫ్లెక్సీ కట్టిన రోజు పొద్దున నేను డెయిరీలో పాలు పోసి వస్తున్నాను. దాని కింద జనం మూగి ఉన్నారు. పైన ఎవరో పిల్ల నవ్వుతోంది. తెల్లటి ముఖం, సన్నటి మెడ, ఆకుపచ్చ పట్టుచీర, చెవులకు జుంకాలు. కొల్హాపూర్‌లో ఏదో కొత్త నగల కొట్టు పెట్టారనుకుని సైకిలు ఆపకుండా పోబోయాను.

"దత్తూ మామా, ఆగాగు! కన్నకూతుర్ని చూడకుండా పోతావేం?" అని అరిచాడు సంగ్రామ్.

సంగ్రామ్ సర్పంచి అన్న కొడుకు. ఊళ్లో కుర్రాళ్ల మండలికి వాడే పెద్ద. వాడి పుట్టినరోజుకి వాడే ఫ్లెక్సీ వేయించుకుంటాడు, వాడే దాని కింద నిలబడి ఫొటో దిగుతాడు.

సైకిలు దిగి అక్షరాలు చదివాను. 'విశ్వవిద్యాలయాల కుస్తీ పోటీల్లో బంగారు పతకం గెలిచిన మా ఊరి ఆడసింహం ముక్తా దత్తాత్రేయ మగదుంకు హార్దిక అభినందనలు.' కింద నల్లకళ్లద్దాలతో సంగ్రామ్, వాడి చుట్టూ మండలి కుర్రాళ్లు.

"ఇది ముక్తా కాదు" అన్నాను.

"ముక్తానే మామా. ముఖం తనదే. కాస్త మెరుగు పెట్టించామంతే. ఒళ్లు ఓంకార్ దగ్గర తయారుగా ఉంది."

"ఒళ్లు తయారుగా ఉండటమేమిట్రా?"

"కంప్యూటర్లో ఉంటాయి మామా. పెళ్లికూతురు ఒళ్లు, శ్రీమంతం ఒళ్లు, సన్మానం ఒళ్లు. తలకాయ అతికించడమే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నన్ను చూసి వాళ్లూ ఆపేశారు. మా ఊళ్లోవాళ్లు నా ఎదుట నవ్వడం మానేసి చాలా ఏళ్లయింది.

నా కూతురివి చితికిన చెవులు. కుస్తీ పట్టేవాళ్లకు అలా అవుతుంది. తలకు తల రాసుకుని, మెడ పట్టులో నలిగి నలిగి, చెవిలో రక్తం గడ్డ కట్టి, మూసుకున్న పిడికిలిలా గట్టిపడుతుంది. ఇక సాపు కాదు. మా వైపు మగపిల్లాడి చెవి చితికితే ఇంట్లో పండగ. మా ఎదురింటి రణజిత్ చెవి ముడుచుకున్న రోజు వాళ్లమ్మ వీధంతా పేడా మిఠాయి పంచింది. ముక్తా చెవి ముడుచుకున్న రోజు అదే మనిషి మా గుమ్మంలోకి వచ్చి, ఒక ఓణీ చేతిలో పెట్టి, "తలకు చుట్టుకోవే తల్లీ, ఎవరైనా చూస్తారు" అని చెప్పి పోయింది.

ముక్తా ఫ్లెక్సీ పక్కనే రణజిత్ ఫ్లెక్సీ ఉంది. జిల్లాలో మూడో స్థానం వచ్చిందని. వాడి తల ఒక పక్కకు తిప్పించి, చితికిన చెవి ముందుకు వచ్చేలా ఫొటో తీయించారు. ఓంకార్ ఆ చెవికి నీడలు పెట్టి ఇంకాస్త లావు చేశాడు. దాని పక్కన సర్పంచి ఎద్దు సర్జా పుట్టినరోజు ఫ్లెక్సీ. సర్జాకు ఎడమ కొమ్ము కొస విరిగింది. ఫ్లెక్సీ మీదా విరిగే ఉంది. ఎద్దు కొమ్మును ఎవడూ ముట్టుకోలేదు.

ఓంకార్ పని నాకు కొత్త కాదు. నా భార్య హౌసా చనిపోయినప్పుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వాడే వేశాడు. హౌసాకు నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు. బుగ్గ మీద పొయ్యి నిప్పు పడి కాలిన మచ్చ. నేను ఆ మచ్చతో సహా ఆ మనిషితో కాపురం చేశాను. రొమ్ములో గడ్డ లేస్తే, ఆడదాని ఒంటి మాట బయట పెట్టకూడదని నేర్చిన మనిషి, నాకు కూడా చెప్పలేదు. తెలిసేసరికి డాక్టరు చేతులెత్తేశాడు. అలాంటి మనిషిని ఓంకార్ పాలపిండిలా తెల్లగా చేసి, పచ్చబొట్లు తుడిచి, మచ్చ తీసేసి కూడలిలో వేలాడదీశాడు. ఊరు ఆ ముఖానికి దండం పెట్టింది. నేను చించేశాను. దుఃఖంలో మతి చెడిందన్నారు. నాకు మతి బాగానే ఉంది.

కాబట్టి ఆ రోజు కూడా కొడవలి కోసం ఇంటికే బయలుదేరాను. నాలుగడుగులు వేశానో లేదో వెనకే బస్సు ఆగి ముక్తా దిగింది. కొల్హాపూర్ కాలేజీలో బీఏ రెండో ఏడు, హాస్టల్లో ఉంటుంది. జాతరకని వచ్చింది. నేను చెప్పకముందే ఫ్లెక్సీ చూసింది. సంచీ భుజాన వేసుకుని, తల పైకెత్తి, చాలాసేపు నిలబడింది.

"ఏమే ముక్తా, నువ్వింత అందంగా ఉంటావని మాకు తెలీనే తెలీదు!" అంది రణజిత్ తల్లి.

"నాకూ తెలీదు పిన్నీ. ఇప్పుడే చూస్తున్నా."

సంగ్రామ్ పక్కనే ఓంకార్ నిలబడి ఉన్నాడు. ముక్తా వాడి వైపు తిరిగింది. "నా చెవులేవిరా?"

"తాయీ, కోప్పడకు" అన్నాడు ఓంకార్. ముక్తా కన్నా వాడు పెద్దవాడే, అయినా అక్కా అనే పిలుస్తాడు. బేరం చేసేవాడి మర్యాద. "ఆడపిల్లలందరికీ ఇదే చేస్తా. చేయకపోతే ఇంట్లోవాళ్లు వచ్చి నన్ను తిడతారు. నా మీద ఇంతవరకూ ఒక్క ఆడదీ ఫిర్యాదు చేయలేదు."

"ఇప్పుడు చేస్తున్నా. తీసెయ్. నేను గోదాలో ఉన్న ఫొటో ఇస్తా, అది వెయ్."

"బనీను, నిక్కరులో ఉన్నదా? కూడలిలోనా?" సంగ్రామ్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "ముక్తా, ఎల్లుండి జాతర. సీరియల్ నటి వస్తోంది సన్మానానికి. ఆ బొమ్మ ఫోన్లలో ఇప్పటికే జిల్లా అంతా తిరిగింది. నీ కుస్తీ జోడీ కూడా ఆ బొమ్మ పంపితేనే కుదిరింది. సాంగ్లీ నుంచి బాపూ వస్తాదు శిష్యురాలు సోనల్ శెండగే. బొమ్మ చూడగానే సై అన్నాడు."

"జోడీ ఒళ్లు చూసి కట్టాలి సంగ్రామ్. చీర చూసి కట్టే వస్తాదు ఎవడు?"

"కుదిరింది కదా, ఇంక నీకెందుకు?"

ముక్తా నోరు మూసుకుంది. ఎందుకో నాకు తెలుసు. భైరోబా జాతర గోదాలో ఇంతవరకు ఆడపిల్ల అడుగు పెట్టలేదు. మా ఊరి కుస్తీ బడి తాలింఖానా నడిపే హిందూరావ్ వస్తాదు మూడేళ్లు సర్పంచి గడప అరగదీస్తే, ఈసారికి ఒక్క కుస్తీకి ఒప్పుకున్నారు. అది సరిగ్గా జరిగితే పై ఏడు తాలింఖానాలో ఉన్న చిన్న ఆడపిల్లలకు కూడా జోడీలు కడతారు. జరగకపోతే, చూశారా ఆడవాళ్లతో ఇదే గొడవ అని తలుపు మూస్తారు. ఫ్లెక్సీ కోసం పేచీ పెడితే కుస్తీ పోతుంది.

నేను కొడవలి అన్నాను. "నువ్వు చించకు అప్పా" అంది. "అది నా బొమ్మ. నేనే దించుతా. కుస్తీ అయ్యాక."

ఇంటికి వచ్చి రొట్టెలకు పిండి కలిపింది. కోపం వస్తే జొన్నపిండి బాగా మర్దిస్తుంది. ఆ రోజు రొట్టెలు వెన్నలా వచ్చాయి.

"మా హాస్టల్లో అద్దం ముందు చోటు దొరకదు, అన్నం మాత్రం మిగిలిపోతుంది" అంది పెనం మీద రొట్టె తిప్పుతూ. "నా గదిలో పిల్ల పగలంతా ఒక జామకాయ తిని ఉంటుంది. సీరియల్లో కోడలికున్నంత నడుము కావాలట. ఆ కోడలు తెల్లారే లేచి పట్టుచీరలో వంట చేస్తుంది అప్పా. ఆమె చేతికి ఒక్కసారైనా పిండి అంటడం చూశావా?"

"నేను సీరియల్ చూడను."

"కుస్తీ పిల్ల సినిమా ఒకటి వచ్చింది, అదీ నువ్వు చూసుండవులే. హీరోయిన్ సినిమా అంతా మట్టిలో దొర్లింది. చెవి మాత్రం చెక్కు చెదరలేదు. గెలిచినంతసేపూ ఎవడూ ఆమెను ఆడపిల్ల అనడు. చివర్లో చీర కట్టుకుని హీరో ముందు తల దించితే హాలంతా ఈలలు. మా క్లాసు ఆడపిల్లలే ఎక్కువ వేశారు."

"మరి అబ్బాయిలు?" అన్నాను.

"వాళ్లకు వేరే పిచ్చి. డబ్బాల్లో పొడి తాగి, హీరోలా భుజాలు పెంచి, చొక్కా విప్పి ఫొటోలు పెడతారు. ఆ భుజాలు వాళ్లు కొనుక్కుంటే మగతనం. నేను తెల్లవారుజామున లేచి చెమటోడ్చి తెచ్చుకుంటే మగరాయుడు. కాలేజీలో నా పేరదే. పతకం వచ్చాక మహిళా దినోత్సవం పోస్టరు వేశారు, పిడికిలి బిగించిన పిల్ల. నా ఫొటో తీసుకెళ్లారు కూడా. పోస్టరు మీద ఎవరి చెయ్యో ఉంది. గోళ్లకు రంగు."

ఇంకో రొట్టె వేసింది.

"ఒక మాట చెప్తా, ఎవరికీ చెప్పకు. ఈ చెవులు నాకూ కొన్నిసార్లు నచ్చవు. అద్దంలో చూసుకుని జుట్టు కప్పుకున్న రోజులున్నాయి. అయినా అది నాకూ నా చెవులకూ మధ్య గొడవ. వాటిని తీసేస్తానో ఉంచుకుంటానో నేను చెప్పాలి. ఓంకార్ ఎవడు?"

"రొట్టె మాడుతోంది" అన్నాను. నాకు అంతకన్నా మాటలు రావు. అమ్మను కూడా వాడు ఇలాగే తుడిచేశాడని ఆ పిల్లకు తెలుసు. ఆ రోజు ఫ్లెక్సీ ముక్కలు పొయ్యిలో పెట్టింది తనే.

జాతర రోజు మధ్యాహ్నానికి గోదా చుట్టూ కాలు పెట్టే చోటు లేదు. ఎర్రమట్టిలో పసుపు, మజ్జిగ, నిమ్మరసం కలిపి తొక్కి మెత్తగా చేశారు. ఆ వాసన మా ఊరి గాలికే వస్తుంది. హలగీ డప్పు మోగుతోంది. మైకులో వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. సర్పంచి మనుషులు ఆ ఫ్లెక్సీని బస్ స్టాండు నుంచి విప్పి తెచ్చి గోదా వెనక, వేదిక మీద కట్టారు. సీరియల్ నటి ఫొటోల్లో బాగా పడుతుందని.

సాంగ్లీ బాపూ వస్తాదు గులాబీరంగు తలపాగాతో వచ్చాడు. వెనక సోనల్. అంత ఎండలో కూడా ఓణీని తలకు, చెవులకు బిగించి చుట్టుకుంది. ముక్తా బనీను, నిక్కరులో, జడ ముడి వేసుకుని హిందూరావ్ వస్తాదు పక్కన నిలబడి ఉంది.

బాపూ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత ఫ్లెక్సీ చూశాడు.

"పిల్ల ఏదీ?" అన్నాడు.

"ఇదే పిల్ల" అన్నాడు హిందూరావ్.

"నాకు చెవిలో పువ్వు పెట్టకు వస్తాదూ. ఆ చెవులు పదేళ్లు మట్టి తిన్న చెవులు. ఆ మెడ చూడు, దున్నపోతు మెడ. నేను ఒప్పుకున్నది అదిగో, ఆ పిల్లతో." ఫ్లెక్సీ వైపు వేలు చూపించాడు. "మీ ఊరి పిల్లను దాచిపెట్టి హర్యానా నుంచి అద్దెకు తెచ్చారా?"

"అరే బాపూ, నాలుక అదుపులో పెట్టుకో. నా చేతుల్లో పెరిగిన పిల్ల!"

"అయితే ఆ బొమ్మ ఎవరిది?"

హిందూరావ్ సంగ్రామ్ వైపు తిరిగాడు. సంగ్రామ్ తల గోక్కున్నాడు. అబద్ధం తనదే గనక బయటకు చెప్పలేడు. జనంలోంచి ఎవడో అరిచాడు: "మగపిల్లాడికి జడ వేసి దింపార్రోయ్!" ఇంకొకడు అందుకున్నాడు: "ముందు ఆడో మగో తేల్చండి, తర్వాత జోడీ!" నవ్వులు. హలగీ వాడు ఆ నవ్వుకు రెండు దెబ్బలు కలిపాడు. ముక్తా కళ్లు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం కదల్లేదు.

ముక్తా కాలేజీ గుర్తింపు కార్డు తెచ్చి చూపించింది. బాపూ దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని, "దీనిలో ఉన్నదీ ఫ్లెక్సీలో ఉన్నదీ ఒకటి కాదుగా" అన్నాడు. వాడికి అర్థం కాకపోవడం కాదు. తేలిగ్గా పడే పిల్ల దొరికిందని తన శిష్యురాలికి పేరు తెచ్చిపెడదామని వచ్చాడు. ఎదుట రాయి కనబడింది. వెనక్కి పోవడానికి సాకు కావాలి. ఆ సాకు మేమే రంగుల్లో అచ్చు వేయించి, వేదిక మీద కట్టి ఇచ్చాం.

సంగ్రామ్ ముక్తా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "వదిలెయ్ ముక్తా. కుస్తీ లేకపోతే కొంప మునగదు. నటి కారు టోల్‌నాకా దగ్గరికి వచ్చేసింది. మా వదిన ఆకుపచ్చ చీర తెచ్చింది, అచ్చం ఫ్లెక్సీలో ఉన్నట్టే ఉంటుంది. కట్టుకుని వేదిక మీదికి రా. శాలువా, కొబ్బరికాయ, దండ. అందరికీ గౌరవంగా ఉంటుంది."

"చెవుల మీద జుట్టు వేసుకోనా?"

"వేసుకుంటే మంచిదే" అన్నాడు ఆ మూర్ఖుడు. ఆమె హేళన వాడికి తెలియలేదు.

నేను వాడి చొక్కా పట్టుకున్నాను. హిందూరావ్ నా చెయ్యి విడిపించాడు. ఈలోగా ముక్తా గోదాలోకి దిగింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. జోడీ లేని పహిల్వాన్ గోదాలోకి దిగి, గుప్పెడు మట్టి తీసుకుని, చెయ్యి పైకెత్తి గోదా చుట్టూ తిరుగుతాడు. ఎవరు ఎదురొచ్చి ఆ చేతిలో మట్టి అందుకుంటే వాళ్లతో కుస్తీ. అది మగవాళ్లు చేసే పని. ముక్తా మట్టి తీసుకుంది, నుదుటికి అద్దుకుంది, చెయ్యి ఎత్తింది. జడ ముడి ఇంకా పైకి లాగి కట్టింది, రెండు చెవులూ కనబడేలా.

తిరగడం మొదలుపెట్టింది. ఏ పక్కకు వెళితే ఆ పక్క నవ్వు ఆగిపోయింది. మైకులో వ్యాఖ్యాత ఏం చెప్పాలో తెలియక దగ్గాడు. హలగీ ఆగింది. ఆడవాళ్లు కూచున్న వైపు రణజిత్ తల్లి చూపులు కిందికి దించుకుంది. తాలింఖానా చిన్న ఆడపిల్లలు ముందు వరసలో మోకాళ్లు పట్టుకుని కూచున్నారు. వాళ్ల ముందు ముక్తా కాస్త నెమ్మదించింది.

బాపూ ముందు ఆగింది. "వస్తాదూ, బొమ్మతో కుస్తీ కావాలా? వేదిక మీద ఉంది. ఎక్కి పట్టుకో."

జనం గొల్లుమన్నారు. బాపూ మొహం తలపాగా రంగుకు తిరిగింది. "సోనల్, పద. బండి ఎక్కు" అన్నాడు.

సోనల్ కదల్లేదు. ముక్తా చెవుల వైపే చూస్తోంది. ఆకలిగా ఉన్నవాళ్లు అన్నం వైపు చూసినట్టు చూసింది. మెల్లగా ఓణీ ముడి విప్పింది. ఆమె ఎడమ చెవి ముక్తా చెవికన్నా ఘోరంగా ముడుచుకుని ఉంది. చీము పట్టి కోయించుకున్న గీత కూడా కనబడింది. ఓణీని బాపూ భుజం మీద వేసింది.

"నేను కుస్తీ పడతా" అంది.

"నేనొద్దన్నాను!"

"బొమ్మ చూసి నువ్వు సై అన్నప్పుడు నన్ను అడిగావా? ఈమెను చూసి నేను సై అంటున్నా. అంతే."

గోదాలోకి దిగి ముక్తా గుప్పిట్లో మట్టి అందుకుంది. హలగీ వాడు ఈసారి ఎవడూ చెప్పకుండానే మొదలుపెట్టాడు.

కుస్తీ గురించి ఎక్కువ చెప్పను. తల తలకు ఆనింది. నలిగిన చెవులు నలిగిన చెవులకు రాసుకున్నాయి. ముక్తా రెండుసార్లు కాలు లాగింది, సోనల్ తప్పించుకుంది. ఒకసారి సోనల్ మెడ మీదికి వచ్చింది, ముక్తా దులిపేసింది. ఇద్దరి ఒళ్లూ మట్టి పట్టి ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. జనం లేచి నిలబడ్డారు. ఆడో మగో అన్న వాడు కూడా నిలబడ్డాడు, వాడి మొహం గుర్తు పెట్టుకున్నాను. చివరికి సోనల్ ముక్తా చెయ్యి భుజం మీదికి లాక్కుని, బట్టలు ఉతికేవాడు బండ మీద కొట్టినట్టు ఎత్తి వేసింది. రెండు భుజాలూ మట్టికి తగిలాయి. అయిపోయింది.

నా కూతురు ఓడింది. సొంత ఊళ్లో, సొంత గోదాలో. లేచి సోనల్ చెయ్యి పట్టుకుని తనే పైకెత్తింది. హిందూరావ్ గోదా అంచున నిలబడి జాతర కమిటీ వైపు తిరిగి, "చూశారుగా. పై ఏడు నాలుగు జోడీలు" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. సర్పంచి జనం వైపు చూసి తల ఊపాడు. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు, ఊపక ఏం చేస్తాడు.

నటి కారు అప్పుడే వచ్చింది. పొడుగ్గా, పొడి పట్టించిన ముఖంతో దిగి, ఫ్లెక్సీ చూసి, "ఈ అమ్మాయి ఏదీ?" అని అడిగింది. సంగ్రామ్ అటూ ఇటూ చూశాడు. వేదిక మీద ఆకుపచ్చ చీర మడత పెట్టినట్టే ఉంది. శాలువా చివరికి నటికే కప్పారు.

ముక్తా ఒళ్లు కడుక్కోలేదు. మట్టితోనే వేదిక ఎక్కి, నేను ఇంటి నుంచి తెచ్చి ఉంచిన కొడవలి తీసుకుని, ఫ్లెక్సీ తాళ్లు ఒక్కొక్కటీ కోసింది. ఎవడూ అడ్డం రాలేదు. ఓంకార్ వచ్చి, "తాయీ, కొత్తది వేసిస్తా, నువ్వు ఎలా ఉంటే అలాగే" అన్నాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, "మామా, మనసులో పెట్టుకోకు, హౌసా పిన్ని విషయంలో కూడా" అన్నాడు.

"పెట్టుకున్నాను" అన్నాను. "పెట్టుకునే ఉంటాను. పో."

ఫ్లెక్సీ చుట్టి సైకిలు మీద వేసుకుని ఇంటికి నడిచాం. ముక్తా కుంటుతోంది. దారిలో రణజిత్ తల్లి గుమ్మంలో నిలబడి ఏదో అనబోయింది. ముక్తా ఆగలేదు.

"గెలవాల్సింది అప్పా" అంది. "ఎడమ కాలు ముందు పెట్టాను. తప్పు నాదే."

"నీదే" అన్నాను.

పెరట్లో పిడకల గుట్ట మీద కప్పడానికి మాకు టార్పాలిన్ పట్టా లేదు. ఫ్లెక్సీ విప్పి దాని మీద పరిచాం. బొమ్మ పైకి వచ్చింది. ముక్తా ఒక్క క్షణం చూసి, రెండు కొసలూ పట్టుకుని తిరగేసింది. పిడకల వైపు ముఖం, ఆకాశం వైపు తెల్లటి వెనక భాగం. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చేతులు దులుపుకుని, చెవి మీద ఎండిపోయిన మట్టిని గోటితో గీక్కుంటూ లోపలికి పోయింది.